ముప్పై అయిదు దాటినా విద్యార్థే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చదువు ఎందుకు తెగడం లేదు?

క్లుప్తంగా

డిగ్రీ, బీఈడీ, పీజీ, మరో పీజీ, చివరికి పీహెచ్‌డీ. ఇలా ముప్పై అయిదేళ్లు దాటినా చేతిలో విద్యార్థి గుర్తింపు కార్డే ఉన్నవారు నెల్లూరు, కావలి, ఒంగోలు పీజీ ప్రాంగణాల చుట్టూ కనిపిస్తారు. బద్ధకమో, చదువు పిచ్చో దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణాలు వేరు. ఉద్యోగ నోటిఫికేషన్ల మధ్య ఏళ్ల తరబడి విరామం ఉంటోంది. ఆ విరామాన్ని సర్దడానికి వయోపరిమితి పెంచుతూ వచ్చారు. వసతి, ఉపకారవేతనం కోర్సులో ఉన్నవారికే దక్కుతున్నాయి. పీహెచ్‌డీలో వీటికి గైడ్ల (పరిశోధన మార్గదర్శకుల) కొరత తోడవుతోంది. కోర్సుల గడువులు బిగించడం వల్ల ఈ విద్యార్థులు తగ్గరు, ఒక కోర్సు నుంచి మరో కోర్సుకు మారతారంతే.

అందరూ ఒకటి కాదు

ఏళ్ల తరబడి విశ్వవిద్యాలయాన్ని వదలని వారందరినీ 'నిత్య విద్యార్థులు' అనేస్తుంటారు. దగ్గరగా చూస్తే వీరిలో పొంతన లేని గుంపులు కనిపిస్తాయి. సబ్జెక్టులు మిగిలిపోయి పట్టా అందని బీటెక్, డిగ్రీ విద్యార్థులు ఒక గుంపు. ఉద్యోగ పరీక్షలకు చదువుతూ, ఊళ్లో ఉండటానికి ఆధారంగా ఏదో ఒక కోర్సులో చేరేవారు రెండో గుంపు. మన జిల్లాల్లో ఎక్కువగా కనబడేది వీరే. పీహెచ్‌డీ ముగియక ఏళ్ల తరబడి సాగుతున్నవారు మూడో గుంపు. ఉద్యోగం చేసుకుంటూనో, విరమణ తర్వాతనో ఇష్టంతో చదివేవారు నాలుగో గుంపు. అమెరికాలో రెండో మాస్టర్స్‌లో చేరుతున్న మనవాళ్లను అయిదో గుంపుగా చెప్పుకోవచ్చు. వీరి కష్టం ఇంట్లోవాళ్లకు కూడా పూర్తిగా అర్థం కాదు.

ఒక గుంపుకు పనికొచ్చే పరిష్కారం ఇంకో గుంపుకు హాని చేస్తుంది. గడువు తగ్గిస్తే సబ్జెక్టులు మిగిలిన విద్యార్థి త్వరపడవచ్చు. గైడ్ విరమణ చేయడం వల్ల ఆగిపోయిన పరిశోధకురాలికి మాత్రం అదే నియమం ఆరేళ్ల కష్టాన్ని తుడిచేస్తుంది.

ఏ కోర్సులో ఎంతకాలం ఉండవచ్చు

ఒకసారి చేరితే ఎన్నేళ్లయినా పరీక్షలు రాసుకోవచ్చనే నమ్మకం ఇంకా బలంగా ఉంది. అది తప్పు. కోర్సు కాలం మీద రెండేళ్లు, అసాధారణ పరిస్థితుల్లో ఇంకో ఏడాది లోపల పట్టా పొందాలనేది విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) సాధారణ మార్గదర్శకం. నాలుగేళ్ల బీటెక్‌ను 8 ఏళ్లలో పూర్తి చేయకపోతే సీటు పోతుందని జేఎన్‌టీయూల నిబంధన చెబుతుంది. నెల్లూరు జిల్లా ఇంజినీరింగ్ కాలేజీలు అనంతపురం జేఎన్‌టీయూ కిందికి, ప్రకాశం జిల్లా కాలేజీలు కాకినాడ జేఎన్‌టీయూ కిందికి వస్తాయి. కావలి దాటి ఉత్తరానికి వెళ్తే విశ్వవిద్యాలయమే మారిపోతుంది కాబట్టి, స్నేహితుడి కాలేజీలో చెల్లిన నియమం తన దగ్గరా చెల్లుతుందని అనుకోకూడదు. రెండేళ్ల బీఈడీని మూడేళ్లలో ముగించాలి. ఎంబీబీఎస్‌లో చేరిన తేదీ నుంచి 9 ఏళ్లు దాటకూడదు, మొదటి ఏడాది పరీక్షకు నాలుగు అవకాశాలే ఉంటాయి.

బీటెక్‌లో ఆలస్యం ఎక్కువగా హాజరు దగ్గరే మొదలవుతుంది. 75 శాతం ఉండాలి. 65కు, 75కు మధ్య ఉంటే తగిన కారణం చూపి, రుసుము కట్టి కండోనేషన్ (హాజరు లోటుకు మన్నింపు) తీసుకోవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఈలోగా రెగ్యులేషన్ (కోర్సు నియమావళి) మారితే కొత్త సిలబస్‌లో చేరాలి. పాత సబ్జెక్టులకు సమానమైనవి ఏవో తేల్చుకోవాలి, ఈక్వివలెన్స్ లేని సబ్జెక్టులను అదనంగా రాయాలి. ఒక సెమిస్టర్ పోయిందనుకున్నది ఏడాదిన్నర నష్టంగా తేలేది ఇక్కడే. గడువు దాటిన పాత బ్యాచ్‌ల కోసం విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు ప్రత్యేక అవకాశం ప్రకటిస్తాయి. అది ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తుందన్న హామీ కూడా ఉండదు. దాని మీద ఆశ పెట్టుకుని రెండు సబ్జెక్టులు వదిలేసినవాళ్లు ఇంటర్ అర్హతతోనే ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకోవాల్సి వస్తోంది.

దూరవిద్యలో గడువు కొంత ఉదారంగా ఉంటుంది. ఇగ్నోలో మూడేళ్ల బీఏకు 6 ఏళ్లు, రెండేళ్ల ఎంఏకు 4 ఏళ్ల వరకు సమయం ఉంది. పేరు నమోదై ఉండటం వేరు, రెగ్యులర్ విద్యార్థి హోదా వేరు. హాస్టల్ వంటివి రెండోదానికే వస్తాయి.

నోటిఫికేషన్ల మధ్య ఖాళీ

అసలు కథ ఇక్కడుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత పెద్ద ఉపాధ్యాయ నియామకం 2025లో గాని పూర్తి కాలేదు. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో ఒక ప్రకటన వచ్చి, ప్రభుత్వం మారాక రద్దయింది. చివరికి 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ వెలువడింది. గ్రూప్-2 పరిస్థితీ ఇంతే. 2018 డిసెంబరు తర్వాత మళ్లీ 2023 డిసెంబరులో 897 పోస్టులతో ప్రకటన వచ్చింది. దాని ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగాయి.

కందుకూరు దగ్గరి పల్లెకు చెందిన అమ్మాయి 2019లో 22 ఏళ్లకు బీఈడీ పూర్తి చేసిందనుకుందాం. ఆమె రాయగలిగిన మొదటి పెద్ద డీఎస్సీ వచ్చేసరికి వయసు 28. ఈ ఆరేళ్లు ఆమె ఏం చేయాలి? ప్రైవేటు బడిలో చేరితే ఉదయం నుంచి సాయంత్రం దాకా పని, చదువుకు సమయం చిక్కదు. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగుకో, నంద్యాలలో బ్యాంకు, గ్రూప్స్ కోచింగుకో వెళ్లాలంటే ఫీజు, గది అద్దె, మెస్ ఖర్చు పెట్టుకోవాలి. ఆ రెండూ కుదరని ఇంటికి మిగిలే దారి పీజీ సీటు. నెల ఖర్చు తక్కువ, గ్రంథాలయం అందుబాటులో ఉంటుంది, పరీక్షలు సెమిస్టర్‌కొకసారే. ఊళ్లో ఎవరైనా 'అమ్మాయి ఏం చేస్తోంది?' అని అడిగితే 'ఎమ్మెస్సీ చదువుతోంది' అనే జవాబు ఉంటుంది. ఆ జవాబు పెళ్లి ఒత్తిడిని రెండేళ్లు ఆపగలదు. ఈ లెక్క ఏ విధాన పత్రంలోనూ కనిపించదు. మన ఇళ్లలో మాత్రం నిర్ణయాలు జరిగేది దీని మీదే.

ఆలస్యాన్ని సర్దడానికి ప్రభుత్వాలు వయోపరిమితి పెంచుతూ వచ్చాయి. రాష్ట్ర సర్వీసుల్లో 34 ఏళ్ల పరిమితిని సడలించి 42 చేశారు. 2025 డీఎస్సీకి 44 చేశారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు దానిపై మరో అయిదేళ్లు. నోటిఫికేషన్ ఆలస్యమైంది అభ్యర్థి తప్పు వల్ల కాదు కాబట్టి ఈ సడలింపు న్యాయమైనదే. దాని ప్రభావం మాత్రం రెండు వైపులా ఉంటుంది. 34 దగ్గర తలుపు మూసుకుంటే మనిషి వేరే దారి వెతుక్కుంటాడు. 42, 44 అంటే ఇంకో నోటిఫికేషన్ చూద్దామన్న ఆశ బతికే ఉంటుంది. కేంద్ర సివిల్ సర్వీసెస్‌కు జనరల్ అభ్యర్థులకు 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు అనే హద్దు ఉంది. ఏటా పరీక్ష జరుగుతుంది కాబట్టి అక్కడ ఆ హద్దుకు అర్థం ఉంది. అయిదేళ్లకొకసారి వచ్చే పరీక్షకు ప్రయత్నాల సంఖ్య పెట్టడం అన్యాయమవుతుంది. ముందు పరీక్ష క్రమంగా రావాలి, వయసు సంగతి ఆ తర్వాత మాట్లాడాలి.

కోర్టు తీర్పులు కూడా మనుషులను తరగతి గదికి వెనక్కి పంపుతాయి. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయ పోస్టులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టు రాయాలంటే డీఈఎల్‌ఈడీ తప్పనిసరైంది. చిన్నపిల్లలకు బోధించే పద్ధతి వేరన్న ఆ తీర్పు కారణం సబబే. అయితే అప్పటికే బీఈడీ, పీజీ రెండూ చేతిలో ఉన్న వ్యక్తి ఇంటర్ తర్వాత చేయాల్సిన రెండేళ్ల కోర్సుకు వెనక్కి వెళ్లాలా, స్కూల్ అసిస్టెంట్ పోస్టుల కోసమే ఎదురుచూడాలా అని తేల్చుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ మన జిల్లాల ప్రత్యేకత ఒకటి ఉంది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు గుంటూరు, ప్రకాశం, నెల్లూరు ఒకే జోన్, అంటే మూడో జోన్. కాలేజీ సీట్లకు మాత్రం ప్రకాశం ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలో, నెల్లూరు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలో ఉంటాయి. 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. స్థానికత ప్రధానంగా అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుతుంది. ఉమ్మడి ప్రకాశంలోని ఉలవపాడు, గుడ్లూరు పరిసరాల్లో పుట్టి, నెల్లూరు జిల్లా కావలిలో చదివిన పిల్లలు ఈ తేడా వల్ల కౌన్సెలింగ్‌లో చిక్కుకుని, సీటు పోగొట్టుకుని ఒక ఏడాది ఖాళీగా గడిపిన సందర్భాలున్నాయి. ఆరో తరగతి నుంచి అన్ని స్టడీ సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవడమే దీనికి మందు.

సీటుతో పాటు వచ్చేవి

ఉమ్మడి ప్రకాశం పశ్చిమాన ఉన్న కనిగిరి, పొదిలి, గిద్దలూరు వైపు నుంచి ఒంగోలుకో, నెల్లూరుకో వచ్చే విద్యార్థికి సీటు అంటే తరగతి ఒక్కటే కాదు. సంక్షేమ హాస్టల్‌లో చోటు, భోజనం, బస్సు పాసు, గ్రంథాలయం దాని వెంటే వస్తాయి. కోర్సు అయిపోగానే టీసీ చేతికొస్తుంది, వీటన్నిటికీ అదే రోజు తెర పడుతుంది. జిల్లా కేంద్రంలో అద్దె గది తీసుకునే స్తోమత లేనివారు తిరిగి ఊరికి పోవాలి. ఊళ్లో మిరప, పొగాకు, శనగ పనుల మధ్య చదువు ఎంతవరకు సాగుతుందో తెలిసినవారికి, మరో పీజీ ప్రవేశపరీక్ష రాయడం ఎందుకంత సహజంగా తోస్తుందో వివరించనక్కరలేదు.

అయితే ఈ దారికి అడ్డంకి ఉంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల ప్రకారం ఒక స్థాయి చదువు పూర్తిచేసినవారు అదే స్థాయిలో వేరే సబ్జెక్టు చదివితే ఉపకారవేతనం రాదు. ఎంఏ తెలుగు తర్వాత ఎంఏ చరిత్రకు స్కాలర్‌షిప్ ఉండదన్న మాట. చాలామందికి ఈ సంగతి చేరాక, దరఖాస్తు తిరస్కరణకు గురయ్యాకే తెలుస్తుంది. అప్పటికి ఫీజు బకాయి పడుతుంది, బకాయి తీరేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోతాయి. రెండో పీజీలో చేరేముందు అడగాల్సినవి రెండే: రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా, వర్తించకపోతే మొత్తం ఫీజు ఎంత? రెండింటికీ జవాబు కాగితం మీద తీసుకోవాలి. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పీజీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను విశ్వవిద్యాలయ, ప్రభుత్వ కాలేజీలకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చినప్పుడు ప్రైవేటు పీజీ కాలేజీల మీద ఆధారపడ్డ చిన్న పట్టణాల విద్యార్థులు ఎక్కువగా దెబ్బతిన్నారు.

విద్యా రుణం ప్రభావమూ తక్కువేం కాదు. సాధారణంగా కోర్సు కాలం, ఆపై ఒక ఏడాది వరకు వాయిదాలు కట్టక్కరలేదు. కోర్సు పొడిగిస్తే వాయిదా కూడా జరిపించుకోవచ్చన్న ఆలోచన అక్కడే పుడుతుంది. వడ్డీ మాత్రం ఆగదు. 7 లక్షల అప్పు మీద ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ అనుకున్నా, రెండేళ్ల పొడిగింపు 1.4 లక్షలు అదనంగా మోపుతుంది. ఈ విరామంలో వడ్డీ ఒక్కటైనా నెలనెలా కట్టగలిగితే భారం చాలా తగ్గుతుంది.

పీహెచ్‌డీ: ఆలస్యం పుట్టే చోట్లు

నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. దాని ప్రాంగణం వెంకటాచలం మండలం కాకుటూరులో ఉంది. అంతకు ముందు ఈ జిల్లా తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేది, కావలిలో దాని పీజీ కేంద్రం నడిచేది. ఒంగోలులోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ పీజీ కేంద్రమే తర్వాత టంగుటూరి ప్రకాశం పంతులు స్మృతిగా ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయమైంది. రెండూ కొత్తవే. పరిశోధన సాగే తీరు మీద ఈ కొత్తదనం ప్రభావం చాలా ఉంది.

2022 నవంబరు నాటి యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు అని ఉంది. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే మరో రెండేళ్లు, మొత్తం 8 దాటకూడదు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు కలిపి 10 ఏళ్ల వరకు అవకాశముంది. మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. పెళ్లి వల్లనో మరో కారణంతోనో ఊరు మారాల్సి వస్తే పరిశోధన సమాచారాన్ని కొత్త సంస్థకు మార్చుకునే వీలూ ఇచ్చారు. పెళ్లయి గుంటూరుకో, హైదరాబాదుకో వెళ్లిన పరిశోధకురాళ్లలో ఈ వీలు సంగతి తెలియక మధ్యలో వదిలేసేవారు ఉన్నారు. బాధ కలిగించే విషయమిది.

మెట్లు ఇలా ఉంటాయి. ప్రవేశం తర్వాత కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్. అందులో 55 శాతం రావాలి. సెమిస్టర్‌కొకసారి పరిశోధన సలహా కమిటీ ముందు పురోగతి చూపాలి. ముగింపు దశలో ప్రీ సబ్మిషన్ సెమినార్, సారూప్యత పరీక్ష (ఇతరుల రాత ఎంత కలిసిందో చూసేది), తర్వాత సిద్ధాంత గ్రంథ సమర్పణ, కనీసం ఇద్దరు బయటి పరీక్షకుల నివేదికలు, చివరికి వైవా. సమర్పణ నుంచి ఆరు నెలల్లో ఇదంతా ముగియాలని నిబంధన చెబుతుంది.

ఇందులో తప్పిపోయేది ఎక్కువగా మొదట్లోనూ చివర్లోనూ. మొదట్లో అంశం ఖరారు కావడానికే ఏడాది పడుతుంది. అంశం మరీ పెద్దదైతే, ఉదాహరణకు 'నెల్లూరు జిల్లా వ్యవసాయం' అని పెట్టుకుంటే, నాలుగో ఏట కూడా హద్దు దొరకదు. 'కోవూరు మండలంలో రొయ్యల చెరువుల కిందికి మారిన వరి పొలాలు' అని పెట్టుకుంటే క్షేత్ర పనికి తొలి ఏడాదే ఒక రూపు వస్తుంది. చివర్లో పరీక్షకుల జాబితా ఆమోదం, బయటి నివేదిక రావడం, వైవా తేదీ కుదరడం, ఇవేవీ విద్యార్థి చేతిలో ఉండవు.

అన్నిటికన్నా పెద్ద అడ్డు గైడ్లు. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శకులుగా ఉండకూడదు. విరమణకు మూడేళ్ల లోపు సర్వీసు మిగిలినవారు కొత్త విద్యార్థులను తీసుకోకూడదు. రెండూ మంచి నియమాలే. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ అధ్యాపక నియామకాలు ఏళ్లుగా సాగనందున వాటి ఫలితం తలకిందులైంది. ఒక శాఖలో రెగ్యులర్ అధ్యాపకులు ఇద్దరే ఉండి, వారిలో ఒకరు విరమణకు దగ్గరగా ఉంటే, ఆ శాఖ తీసుకోగలిగిన పరిశోధకుల సంఖ్య ఆ మిగిలిన ఒక్కరితోనే తేలిపోతుంది. కాంట్రాక్టు అధ్యాపకులు పాఠాలు చెబుతారు కానీ, గైడ్‌షిప్ రెగ్యులర్ వారికే. గైడ్ మారితే అంశం కాస్త మారుతుంది, కమిటీ మళ్లీ కూర్చుంటుంది, ఒక సెమిస్టర్ పోతుంది. ఒక అభ్యర్థి పీహెచ్‌డీ ఏడేళ్లు పట్టిందంటే ముందు చూడాల్సింది ఆ శాఖలో ఖాళీల పట్టిక.

డబ్బు లెక్క కూడా గడువుతో సరిపోలడం లేదు. యూజీసీ నెట్ అర్హత పరీక్ష ద్వారా వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు 42,000 రూపాయలు. మొత్తం అయిదేళ్లే. ఆరో ఏట ఫెలోషిప్ ఉండదు, పరిశోధన ఉంటుంది. ఆ ఏడాదే చాలామంది డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా చేరతారు, రాత పని మూలన పడుతుంది. జేఆర్‌ఎఫ్ లేనివారికి ఈ పరిస్థితి మొదటి రోజు నుంచే. జేఆర్‌ఎఫ్ వయోపరిమితి 30 ఏళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు అయిదేళ్ల సడలింపు ఉంది. రెండు పీజీలు చేసి వచ్చేవారికి ఈ వయసు అక్కడే దాటిపోతుంది. రెండో పీజీలో కనిపించని నష్టాల్లో ఇది ముఖ్యమైనది.

ప్రవేశ పద్ధతీ మారింది. 2024–25 నుంచి నెట్ ఫలితాన్ని మూడు వర్గాలుగా ఇస్తున్నారు: జేఆర్‌ఎఫ్ అర్హులు, అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు, పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హులు. రెండు, మూడు వర్గాల వారికి పీహెచ్‌డీ ప్రవేశంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ అర్హత ఏడాదే చెల్లుతుంది. ఆ ఏడాదిలో ప్రవేశ ప్రకటన రాకపోయినా, శాఖలో సీటు లేకపోయినా మళ్లీ నెట్ రాయాల్సిందే. ఇంకో మార్పు: 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ గానీ, రాష్ట్ర స్థాయి పరీక్షలైన సెట్, స్లెట్‌లలో ఒకటి గానీ కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కాలేజీ ఉద్యోగమే లక్ష్యమైతే పీహెచ్‌డీకి ముందు ఏపీసెట్ గానీ నెట్ గానీ గట్టెక్కడం తెలివైన పని. ఈ రెండింటికీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వరకు గరిష్ఠ వయసు లేదు.

అమెరికాలో రెండో మాస్టర్స్

నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో 'మావాడు మళ్లీ ఎంఎస్ చేరాడంట' అనే మాట కొన్నేళ్లుగా వినిపిస్తోంది. ఎందుకో చాలామందికి అంతుపట్టదు. కారణం వీసా లెక్క. మాస్టర్స్ తర్వాత 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి), స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలలు, మొత్తం మూడేళ్లు పనిచేయవచ్చు. ఈలోగా హెచ్1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేరు రావాలి. ఏటా సాధారణ కోటా 65,000, అక్కడి మాస్టర్స్ వారికి మరో 20,000. పేరు రాకపోతే ఓపీటీ ముగిశాక 60 రోజుల్లో దేశం వదలాలి, లేదా మరో కోర్సులో చేరాలి. ఓపీటీ ఒక్కో చదువు స్థాయికి ఒకసారే కాబట్టి రెండో మాస్టర్స్‌తో మళ్లీ రాదు. అందుకే చదువుతుండగానే పనికి అనుమతించే సీపీటీ ఉన్న విశ్వవిద్యాలయాలను వెతుకుతారు. తరగతులకు వెళ్లకుండా పేరుకు మాత్రమే చేరితే తర్వాత వీసా, గ్రీన్‌కార్డు పరిశీలనలో ఆ కాలం ప్రశ్నార్థకమవుతుంది. విద్యార్థి ఉండే కాలాన్ని సాధారణంగా నాలుగేళ్లకు పరిమితం చేస్తూ, ఒక మాస్టర్స్ తర్వాత అదే స్థాయిలో మరొకటి చేయడాన్ని కట్టడి చేస్తూ 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఒక ప్రతిపాదన ముందుకు తెచ్చింది. ఇంట్లో అప్పు తీర్చే లెక్క రెండో మాస్టర్స్ మీద వేసుకున్న కుటుంబాలు దాన్ని గమనించాలి.

ఒంగోలు హాస్టల్‌లో రెండో ఎంఏ చదివే యువకుడికీ టెక్సాస్‌లో రెండో ఎంఎస్ చదివే యువకుడికీ ఖర్చులో పోలిక లేదు. ఇద్దరినీ అక్కడ నిలిపింది మాత్రం ఒకే సంగతి: విద్యార్థి హోదా పోతే ఉన్నచోట ఉండే హక్కు పోతుంది.

ఇతర దేశాలు పడ్డ పాట్లు

జర్మనీలో పాత డిప్లొమ్, మాగిస్టర్ చదువులకు గట్టి గడువు ఉండేది కాదు. ఫీజు నామమాత్రం, ప్రయాణ పాసు, 30 ఏళ్ల వరకు చౌకగా ఆరోగ్య బీమా. దాంతో ఏళ్ల తరబడి పేరు నమోదు చేసుకుని ఉండేవారు. బాడెన్ వ్యూర్టెంబర్గ్ రాష్ట్రం 1998లో నిర్ణీత కాలానికి నాలుగు సెమిస్టర్లు దాటినవారికి సెమిస్టర్‌కు 1,000 మార్కుల రుసుము పెట్టింది. ఐరోపా దేశాలు డిగ్రీలను ఒకే తీరుకు తెచ్చేందుకు కుదుర్చుకున్న 1999 బొలోన్యా ఒప్పందం తర్వాత బ్యాచిలర్, మాస్టర్ విభజన వచ్చి కోర్సుల నిర్మాణమే మారింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలు 165 క్రెడిట్లు దాటిన స్థానిక అండర్‌గ్రాడ్యుయేట్ల నుంచి అదనపు క్రెడిట్లకు అధిక రుసుము వసూలు చేసే పద్ధతి పెట్టాయి. గ్రీస్ 2022 చట్టంతో నాలుగేళ్ల కోర్సులకు ఆరేళ్ల హద్దు పెట్టి, చురుకుగా లేనివారి పేర్లు జాబితా నుంచి తీసివేసే పనికి 2025లో దిగింది.

ఈ దేశాల్లో విద్యార్థి ఆగిపోవడానికి ముఖ్య కారణం విద్యార్థిగా కొనసాగడం చౌక కావడమే, అందుకే అక్కడ రుసుముకు అర్థం ఉంది. మన దగ్గర కారణం బయట పని దొరకకపోవడం. ఇక్కడ రుసుము పెడితే గిద్దలూరు విద్యార్థి ఉద్యోగంలోకి పోడు, హాస్టల్ నుంచి ఊరికి పోతాడు.

ఇష్టంతో చదివేవారు

వీరి సంఖ్య చిన్నదైనా గౌరవించదగినది. విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి ఎంఏ చరిత్ర చదవడం, గుమాస్తాగా పనిచేసే వ్యక్తి లా చదవడం మన ఊళ్లలో కొత్త కాదు. జాతీయ స్థాయిలో నాగ్‌పుర్‌కు చెందిన శ్రీకాంత్ జిచ్‌కర్ (1954–2004) పేరు దీనికి ఎప్పుడూ చెబుతారు, 20 డిగ్రీలు పొందిన వ్యక్తిగా. ఆయన కోర్సు వెంట కోర్సులో కూర్చుండిపోలేదు, ఉద్యోగాలు, రాజకీయాలు నడుపుతూనే పరీక్షలు రాశారు. అందుకే ఆయన ఉదాహరణ హాస్టల్ గదిలో ఎదురుచూసే అభ్యర్థికి వర్తించదు.

ఉద్యోగులు తెలుసుకోవాల్సిన చిక్కు ఒకటి. ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో చెల్లదు. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఒక్కో సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. పూర్తికాల ఉద్యోగంలో ఉంటూ ఆ హాజరు చూపితే ఎన్‌రోల్‌మెంట్ సమయంలో ప్రశ్న వస్తుంది. రెండు డిగ్రీలు ఒకేసారి చదివే వీలు 2022 ఏప్రిల్ నుంచి ఉంది. తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డురాకూడదు, పీహెచ్‌డీకి ఇది వర్తించదు. సదరు విశ్వవిద్యాలయం దాన్ని అమలు చేస్తోందో లేదో చేరేముందే కనుక్కోవాలి.

రాబోయే మార్పులు, వాటి ప్రభావం

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో మొదలైంది. మధ్యలో ఆపిన చదువు క్రెడిట్లు గరిష్ఠంగా 7 ఏళ్లు నిల్వ ఉంటాయి. చదువు ఆపి ఉద్యోగంలోకి వెళ్లి తిరిగి రావడం దీనివల్ల సులువవుతుంది కాబట్టి, ఎదురుచూపు కోసం కోర్సులో కూర్చోవాల్సిన అవసరం కొంత తగ్గవచ్చు. క్రెడిట్లు నమోదు కాకపోతే మాత్రం ఈ సౌకర్యం కాగితానికే పరిమితం. ఏటా పరీక్ష ఫలితాల తర్వాత తన ఖాతాలో క్రెడిట్లు పడ్డాయో లేదో విద్యార్థే చూసుకోవాలి. పేరు ఆధార్‌లో ఒకలా, పదో తరగతి మార్కుల జాబితాలో ఇంకోలా ఉన్నచోటే ఎక్కువగా ఆగిపోతుంది.

రాష్ట్రంలో 2020–21 నుంచి మొదలైన నాలుగేళ్ల ఆనర్స్, దానిలోని 10 నెలల ఇంటర్న్‌షిప్ సరిగా నడిస్తే డిగ్రీలోనే పని అనుభవం వస్తుంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వచ్చినవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు కూడా. కృష్ణపట్నం ఓడరేవు, చీమకుర్తి గ్రానైట్, కోస్తా ఆక్వా పరిశ్రమ మన దగ్గరే ఉన్నాయి. బీకాం విద్యార్థి ఇంటర్న్‌షిప్ వీటి జమాఖర్చుల విభాగాల్లో జరుగుతోందా, ఎవరో ఇచ్చిన ధ్రువపత్రంతో ముగుస్తోందా అన్నదాన్ని బట్టే దాని విలువ తేలుతుంది.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సినవి రెండున్నాయి, రెండూ ప్రభుత్వం చేతిలోనివే. నియామక ప్రకటన ఏటా ఒకే నెలలో, పోస్టులు తక్కువైనా సరే, రావాలి. తారీఖు తెలిస్తే అభ్యర్థి రెండేళ్లు ప్రయత్నించి మూడో ఏట వేరే పని చూసుకోగలడు, తెలియకపోతే పదేళ్లయినా కదలలేడు. రెండోది, కోర్సుతో ముడిపడని వసతి. బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్లలో సీట్లు కొద్ది, వ్యవధి నెలల్లో ఉంటుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయాల దగ్గర అభ్యర్థుల కోసం తక్కువ అద్దె వసతి ఏర్పాటైతే, చదవాలన్న కోరిక లేకుండా పీజీలో చేరేవారు తగ్గుతారు. ఆ సీట్లు నిజంగా ఆ సబ్జెక్టు చదవాలనుకునేవారికి, గైడ్ దొరికేవారికి మిగులుతాయి.